తునికిగుంపులో డోలు

నాలుగో శాలువా కప్పుతున్నారు. సారక్కగారి భుజాలు అసలే చిన్నవి, తొంభై దాటిన మనిషి, ఇంకో రెండు కప్పారంటే లోపల ఆవిడ ఉందో లేదో తడిమి చూసుకోవాల్సి వస్తుంది అనుకుంది యశోద. అనుకోగానే నవ్వొచ్చింది, నవ్వొచ్చినందుకు తనను తానే తిట్టుకుంది. నవ్వుకునే రోజా ఇది. భద్రాచలంలో తను చదివే డిగ్రీ కాలేజీ, ఆ కాలేజీ సెమినార్ హాలు, మొదటి వరసలో ఈ చివరి కుర్చీ తనది, ఆ చివరి కుర్చీ పుస్తకం రాసిన సారక్కగారిది. మధ్యలో పెద్దమనుషులు. మెట్లెక్కలేనని ఆవిడ వేదిక మీదికి రానన్నారు, దాంతో శాలువాలన్నీ కిందికి దిగి రావాల్సి వస్తోంది. మైకు దగ్గర ఫైనలియర్ ప్రేమ్‌సాగర్ అన్న, 'ఇప్పుడు' అనే మాట లేకుండా ఒక్క వాక్యం చెప్పలేని మనిషి, ఇప్పుడు మన ముందుకు ఇప్పుడు అంటూ ఇంకో వక్తను పిలుస్తున్నాడు. ఆయన తర్వాత ఇంకొకాయన, ఆయన తర్వాత తను. 'పుస్తకంపై విద్యార్థిని స్పందన' అని ఆహ్వానపత్రంలో అచ్చేశారు. ఒళ్లో మడతపెట్టిన రెండు కాగితాలు, హిస్టరీ చెప్పే నిర్మలాదేవి మేడం చదివి, అక్కడక్కడా దిద్ది, చాలా బాగుందమ్మా, ఇదే చదివెయ్ అన్న కాగితాలు. అందులో సారక్కగారి ధైర్యం ఉంది, త్యాగం ఉంది, తమ ఊరి పేరు మాత్రం లేదు. పుస్తకంలో ఉంది. పుస్తకంలో తమ ఊరి మీద పెద్ద నింద ఉంది. అది నిజం కాదని ఈ మైకులో ఆవిడ ఎదుటే చెప్పాలా, కాగితం చదివేసి చప్పట్లు కొట్టించుకుని వచ్చి కూర్చోవాలా. నిన్నటి నుంచి ఇదే గోల. ఎటూ తేలడం లేదు.

అసలు ఆ పుస్తకాన్ని అంతగా ప్రేమించకుండా ఉంటే ఈ బాధ ఉండేది కాదు. 'గోదారి దాటినంక' అని పేరు చూసి, ఇదేదో మన గోదారే కదా అని తీసుకుంది, అంతే. లైబ్రరీలో ఉన్నది పాత ముద్రణ, అట్ట ఎప్పుడో ఊడిపోయింది. ఇవాళ విడుదలయ్యే కొత్త ముద్రణలు బల్ల మీద ఎర్ర రిబ్బను కట్టుకుని నిగనిగలాడుతున్నాయి గానీ, యశోదకు ఆ అట్టలేనిదే పుస్తకం. నేలకొండపల్లి పక్క పల్లెలో దొర గడిలో వెట్టిచాకిరి చేసే పిల్ల, పదహారేళ్లకు ఇల్లు విడిచి సాయుధ పోరాటపు దళంలో కలిసిన పిల్ల. ఆ పిల్లకు తుపాకీ కన్నా ముందు అక్షరం చేతికొచ్చింది. పలకా బలపం ఎక్కడివి, దళంలో సమ్మయ్య అనే ఆయన టేకాకు మీద బొగ్గుముక్కతో అ ఆ ఇ ఈ దిద్దించాడట. ఆకు ఎండి ముడుచుకుపోతే తను రాసిన అక్షరం కూడా ముడుచుకుపోయేదని ఏడ్చిందట. అది చదివినప్పుడు యశోద హాస్టల్ మంచం మీద లేచి కూర్చుంది. ఎవరు చెప్పారు ఈమెకు నా సంగతి అనిపించింది. ఆశ్రమ పాఠశాలలో మొదటి రోజు, సారు బొమ్మ చూపించి ఎవరు అంటే తను అవ్వ అంది, వాళ్ల కోయ ఇంట్లో అమ్మను అట్లాగే పిలుస్తారు మరి, క్లాసంతా గొల్లుమంది, అ అంటే అమ్మ అని సారు నాలుగుసార్లు చెప్పించాడు. ఆ మధ్యాహ్నం ఆశ్రమం వెనక గోడకు ఆనుకుని కూర్చుని, ఇంటికి పోతే పోయిందిలే చదువు అనుకున్నది గుర్తుంది, ఎండ వేడికి గోడ వీపుకు చురుక్కుమన్నది కూడా గుర్తుంది. టేకాకు పిల్ల అప్పుడు తెలిసుంటే పక్కన కూర్చోబెట్టుకునేది. ఇప్పుడు తెలిసింది కదా, ఇప్పుడే కూర్చోబెట్టుకుంది. మెస్‌లో అన్నం లైన్లో చదివింది, బట్టలు ఉతుకుతూ బండ మీద తెరిచి పెట్టిన పుస్తకం తడవకుండా ఒక కన్ను దాని మీదే వేసి ఉతికింది. సారక్క గోదావరి దాటుతుంటే తన పాదాలకు తడి తగిలింది. ఈ మనిషి మన మనిషి అని ఆ వారమంతా కాలేజీలో తల కొంచెం పైకెత్తి నడిచింది.

చప్పట్లు. ఎందుకో తెలియదు, తనూ కొట్టింది. వక్త ఎవరో చరిత్ర గురించి చెబుతున్నాడు, చరిత్ర అంటే అద్దమట, కాసేపటికి దీపమైంది, మళ్లీ అద్దమైంది. చెమటకు కాగితాలు అంటుకుంటున్నాయి. ఆ పేజీ కళ్ల ముందు నుంచి కదలడం లేదు, పైన ఎక్కడ మడత ఉందో, ఏ మాట దగ్గర అచ్చు వెలిసిపోయిందో కూడా తెలుసు. పోలీసు క్యాంపులు ఎక్కువై దళం చెదిరిపోతే సారక్కా సమ్మయ్యా ఇద్దరే గోదావరి దాటి చర్ల అవతలి అడవుల్లో తేలారు. తునికిగుంపు అనే కోయగూడెం వాళ్లు పోడు చేలో ఉన్న మంచె మీద దాచిపెట్టారు. తునికిగుంపు! అచ్చులో తమ ఊరి పేరు చూడటం అదే మొదటిసారి, వేలు పెట్టి తడిమింది, పక్క మంచం మీది మధులతను లేపి మరీ చూపించింది, ఏయ్, ఇది మా ఊరే. ఆ తర్వాత పేజీ తిప్పింది. ఎండాకాలం, గూడెంలో గింజలు అయిపోయాయి, జావ పలచనైంది, ఉడకబెట్టిన ఇప్పపువ్వు తిని కడుపు తిప్పుతోంది. చుట్టూ మామిడిచెట్లు విరగకాశాయి. 'ఒక్క కాయ ఇప్పించమని సైగ చేస్తే ఆ గూడెం పెద్ద తల అడ్డంగా ఊపాడు. వాళ్ల మనసు మారిందని నాకు అప్పుడే తెలియాల్సింది' అని రాసింది సారక్క. 'రెండు రోజులకు తెల్లవారుతుండగా గూడెంలో డోలు మోగింది. మా వైపు పల్లెల్లో డప్పు మోగిందంటే పోలీసులు దిగారని, ఊరందరినీ ఒక్కచోట నిలబెట్టి ఇళ్లు సోదా చేస్తారని అర్థం. ఉన్నపళంగా పరుగెత్తాం. సమ్మయ్యకు చలిజ్వరం. అడవిలో నీడ లేక, మందు లేక, ఒక వాగు ఒడ్డున నా ఒళ్లోనే పోయాడు. తునికిగుంపు మమ్మల్ని అమ్ముకోకపోతే అతను బతికేవాడు.' అంతే. తర్వాత పేజీలో కొత్త అధ్యాయం, జైలు. మధులత కొత్తగూడెం గనుల్లో పనిచేసే మనిషి కూతురు, మనసులో ఏదీ దాచుకోదు, భుజం మీద నుంచి చదివి, "ఏందే, మీ ఊరోళ్లు గట్ల చేసిండ్రా?" అంది. యశోద పుస్తకం బోర్లా పెట్టింది. పరాయివాళ్లు కొడితే ఏడుపొస్తుంది, తనవాళ్లనుకున్నవాళ్లు కొడితే ఏడుపు కూడా రాదని ఆ పూట తెలిసింది. ఆ గూడెం పెద్ద ఇంకెవరో కాదు, దూలయ్య. నాయనమ్మ వాళ్ల అయ్య.

ఆదివారం ఊరికి పోయింది. చర్లలో బస్సు దిగి, ఆటో పోయినంత దూరం పోయి, మిగతాది నడిచి. దారిలో అందరూ పలకరిస్తున్నారు, ఒక్కొక్క ముఖం చూస్తుంటే లోపల ఒకటే పురుగు, వీళ్ల తాతేనా, వీళ్ల తాతేనా. పుస్తకం మీద కోపం రాలేదు, అది ఆశ్చర్యం. ఊరి మీదే అనుమానం వచ్చింది. అచ్చులో ఉన్నదానికి అంత బలం! తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. నాయనమ్మ ముత్తక్క చెట్టు కింద ఇప్పపువ్వు ఏరుతోంది, నడుం వంగే ఉంది కాబట్టి ఏరడానికి వేరే వంగనక్కర్లేదని తన మీద తనే జోకులేసుకుంటుంది ముసల్ది. పక్కన కూర్చుని, మన ఊరి గురించి పుస్తకంలో రాశారు నాయనమ్మా అని, చదువుతూ కోయలోకి మార్చి చెబుతూ పోయింది. మంచె అనగానే నాయనమ్మ చేతులు ఆగాయి. ఆడమనిషి, మగమనిషి, ఇద్దరూ వాళ్లేనా అంది. మామిడికాయ దగ్గరికి వచ్చేసరికి తనే అందుకుంది. "కొత్త చెయ్యంది ఎట్ల ఇస్తడే మా అయ్య? ఊరు మొత్తం ఆగి ఉన్నది. నేను గంత పోరిని, నాకే పెట్టలే."

ఎంత చిన్న సంగతి. ఎంత తెలిసిన సంగతి. మామిడి కొత్త పండుగ చెయ్యకుండా, మొదటి కాయలు దేవతకు పెట్టకుండా తునికిగుంపులో ఎవరూ మామిడికాయ నోట్లో పెట్టరు, ఎవరికీ పెట్టరు, గాలికి రాలినదైనా సరే పక్కకు నెట్టి పోతారు. యశోద ఆరేళ్లప్పుడు నాలుక చివరతో ఒక్కసారి నాకి, వారం రోజులు కడుపులో చెట్టు మొలుస్తుందేమోనని భయపడింది. అంత తెలిసి కూడా, పేజీ చదివినప్పుడు ఆ ముక్క ఎందుకు తట్టలేదు. సారక్క కళ్లతో చదివింది గనుక. నాయనమ్మ చెబుతూనే ఉంది. కాయ అడిగిన ఆ మనిషి ముఖం చూసి వాళ్ల అయ్యకు ఆ పూట జావ మింగుడుపడలేదట. పెద్దలందర్నీ కూర్చోబెట్టాడట. మన అడవిలో ఆకలిగొన్న చుట్టాలు ఇద్దరున్నారు, చెట్ల నిండా తిండి ఉంది, కొత్త చేస్తే గాని పెట్టడానికి లేదు, కాబట్టి కొత్త ముందుకు జరుపుదాం అన్నాడట. చుట్టుపక్కల గూడేలు కాయలు ఇంకా ముదరలేదని మూతి తిప్పినా వినలేదట. మూడో నాటి పొద్దున డోలు కొట్టించాడు. ఇంటింటికీ పోయి పిలిచే వాడుక లేదు ఆ ఊళ్లో, ఈనాటికీ లేదు. డోలు మోగితే పిలిచినట్టే, అందరూ వస్తారు, వచ్చినవాళ్లందరికీ వాటా. "ఆళ్లు రాలే" అంది నాయనమ్మ. "ఆళ్ల వాటా ఆకుల పెట్టుకోని మా అయ్య మంచెకాడికి పోయిండు, ఎనకాల నేను. ఎవ్వలు లేరు. కాయ ఇయ్యనందుకు అలిగి పోయిండ్రని సచ్చేదాక అనుకున్నడే." తర్వాతెప్పుడో పోలీసులు వచ్చి వాళ్లు ఎటు పోయారని అడిగి దూలయ్య చెయ్యి విరిచారు. వెదురుబద్దలు కట్టినా ఆ చెయ్యి వంకరగానే అతికింది, మళ్లీ విల్లు లాగలేదు. ఎటు పోయారో మాత్రం ఆయన చెప్పలేదు, అసలు ఆయనకే తెలియదు గదా అని నాయనమ్మ నవ్వింది. నవ్వి, మా అయ్య గురించి మంచిగ రాసిందా అని అడిగింది. రాసింది నాయనమ్మా అంది యశోద. ఆ చివరి వాక్యాలు కోయలోకి మార్చలేదు.

ఇంకొకాయన లేచాడు, ఇదే చివరాయన. తర్వాత తనే. నీళ్లు తాగుదామంటే సీసా పెద్దమనుషుల ముందే ఉంది. చెప్పకపోతే ఏం పోతుంది. నాయనమ్మ సంతోషంగా ఉంది, సారక్కగారు సంతోషంగా ఉన్నారు, దూలయ్య ఎప్పుడో పోయాడు. కానీ బల్ల మీద ఆ కొత్త పుస్తకాలున్నాయే, ఎన్ని ఊళ్లకు పోతాయో, రేపు తునికిగుంపు నుంచి ఇంకో పిల్ల చదువుకుని ఆ పేరు చూసి వేలు పెట్టి తడిమి, పేజీ తిప్పి, తనలాగే ఊరిని అనుమానిస్తుంది. చెబితే మాత్రం ఎవరు నమ్ముతారు, చదువురాని ముసలమ్మ, అప్పుడు ఆరేడేళ్ల పిల్ల, ఆమె మాట ఒకవైపు, అచ్చయిన పుస్తకం ఒకవైపు. ఏమో, నాయనమ్మకే సరిగ్గా గుర్తులేదేమో. కాదు, ఆకులో వాటా పెట్టుకుని పోవడం ఎవరూ కల్పించరు. సరే, నమ్మారే అనుకో, అప్పుడేమవుతుంది. అసలు ముల్లు ఇది. వాళ్లు పారిపోవాల్సిన అవసరం లేదని తేలుతుంది. ఆ పొద్దున కాస్త ఆగి ఉంటే కడుపునిండా తినేవాళ్లని, సమ్మయ్య మంచె మీద నీడపట్టున ఉండి ఏ కషాయానికో కోలుకునేవాడేమోనని తేలుతుంది. ఇన్నేళ్లు ఇంకొకరి మీద వేసిన ఆ చావును తొంభై దాటిన మనిషి ఒళ్లోకి మళ్లీ తెచ్చి పెట్టడమా, శాలువాలు కప్పుకున్న రోజున? అది న్యాయమా, పగ తీర్చుకోవడమా? పగ కాదు, పగ కాదు, నాకు ఆమె అంటే ప్రాణం. ప్రాణమైన మనిషికి ఈ మాట చెప్పవచ్చునా. ప్రాణమైన మనిషికి చెప్పకుండా ఉండవచ్చునా.

తలతిప్పి చూసింది. పెద్దమనుషుల పొట్టల అవతల సారక్కగారు ఒక్కొక్క శాలువానే తీసి పక్కకుర్చీ మీద పెడుతున్నారు, ఎండకు విసిగిన పిల్ల స్వెటర్ విప్పినట్టు. మోకాళ్ల మీద చేతులు. ఆ చేతుల మీద ఎముకలు లేచి ఉన్నాయి, ఆ చేతుల్లోనే సమ్మయ్య పోయాడు. ఈమె ఒక మనిషి చావు మోసింది, అది ఒక బరువు. దానితో పాటు ఇంకొకటి కూడా మోసింది కదా, నమ్మినవాళ్లే అమ్మేశారన్న మాట. అన్నం పెట్టిన చేతులే అమ్ముకున్నాయని తలుచుకుంటూ డెబ్భై ఏళ్లకు పైగా అన్నం తినడం ఎట్లా ఉంటుంది. యశోద ఒక్క వారం మోసింది దాన్ని, సొంత ఊళ్లో నడుస్తూ ఒక్కొక్క ముఖాన్నీ అనుమానంగా చూసింది, ఆ వారమే భరించలేకపోయింది. నాయనమ్మ నోటి నుంచి డోలు సంగతి విన్నాక ఎంత హాయిగా ఊపిరి వచ్చింది! ఆ హాయి ఈమెకు ఎందుకు అందకూడదు. ఒకటి పెరిగితే పెరుగుతుంది బరువు, ఇంకొకటి దిగుతుంది. ఏది ఎక్కువో తూచడానికి నేనెవర్ని, ఆమే తూచుకుంటుంది, పోలీసు దెబ్బలు తిన్న మనిషి, నా మాటకు కూలిపోతుందని నేనెందుకు అనుకోవాలి. మేడం ఏమంటుందో. అననీ. ఆఖరి వక్త, ఈవిడ మన జాతికి గర్వకారణమంటూ మూడోసారి ముగించబోయి ముగించలేకపోతుంటే, వరస చివర నుంచి సన్నటి గొంతు ఒకటి వినపడింది. "నన్ను పొగిడింది చాలు అయ్యా. ఆ పిల్ల ఎప్పటిసంది కాయితాలు నలుపుతున్నది, జల్దీ ఆమెను మాట్లాడనియ్యుండ్రి." హాలంతా నవ్వింది. యశోద కూడా నవ్వింది, ఈసారి తిట్టుకోలేదు.

ఇప్పుడు మన ముందుకు ఇప్పుడు అన్నాడు ప్రేమ్‌సాగర్ అన్న. యశోద మెట్లెక్కింది. కాగితాలు కుర్చీలోనే ఉన్నాయని మైకు ముందుకు వచ్చాక తెలిసింది. అందరికీ నమస్కారం అన్నది, మైకు కూతపెట్టింది, తల కొంచెం వెనక్కి జరుపుకుంది. "మాది చర్ల అవతల తునికిగుంపు." పుస్తకం చదివినవాళ్లు హాల్లో నలుగురో అయిదుగురో ఉంటారు, ఆ నలుగురైదుగురి తలలు ఒక్కసారి లేచాయి, వాటిలో నిర్మలాదేవి మేడంది ఒకటి. సారక్కగారు చెవి వెనక చెయ్యి పెట్టుకున్నారు. ఇంక ఆమెనే చూస్తూ చెప్పింది. టేకాకు మీది అక్షరాలు తనకు ఎంత నచ్చాయో చెప్పింది. తర్వాత ఆపకుండా, ఆపితే మళ్లీ రాదని తెలిసి, మంచి తెలుగులో అనుకున్నదంతా ఇంటి తెలుగులో వచ్చేసింది. "మా ఊళ్లె మామిడి కొత్త చెయ్యంది ఎవ్వలం కాయ ముట్టమమ్మా. మీకు ఇయ్యనిది గందుకే. మీరు ఆకలితోని ఉన్నరని గూడెం పెద్ద, మా ముత్తాత, పెద్దోళ్లను ఒప్పిచ్చి పండుగ ముందుకు జరిపిండు. మా దగ్గర డోలే పిలుపు. మీరు పోయినంక మీ వాటా ఆకుల పట్టుకోని మంచెకాడికి వచ్చిండు. మీరు అలిగినరనుకున్నడు. మా నాయనమ్మ చూసింది, చిన్నపిల్ల అప్పుడు. పోలీసులు వచ్చి ముత్తాత చెయ్యి విరిచిండ్రు, మీరు ఎటు పోయిండ్రో చెప్పలే." అక్కడితో మాటలు అయిపోయాయి. ముగింపు అనుకోలేదు, ధన్యవాదాలు చెప్పడం కూడా మరిచిపోయి నిలబడిపోయింది.

మేడం చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. ఎవరో పెద్దమనిషి, పాపం ఆవిడ పెద్ద వయసు అని పక్కాయన చెవిలో అంటున్నాడు, హాలంతటికీ వినపడింది. సారక్కగారి పెదాలు కదులుతున్నాయి, లోపల లెక్క సరిచూసుకునే మనిషికి కదిలినట్టు, చెట్ల నిండా కాయలు, అడ్డంగా ఊపిన తల, డోలు, పరుగు. చంపేశానేమో అనుకుంది యశోద, చంపేశాను, దిగిపోయి కాళ్ల మీద పడదామా. అప్పుడు ఆవిడ కుర్చీ చేతులు పట్టుకుని లేచి నిలబడ్డారు, పట్టుకోబోయిన వాళ్లను వద్దన్నారు.

"గా డోలు పోలీసోళ్లకు కాదా?"

"కాదమ్మా. మీకే."

"మాకే" అన్నారు ఆవిడ. "సమ్మయ్యా, మనలను అన్నానికి పిలిచిండ్రట" అన్నారు, ఎదురుగా ఎవరూ లేని చోటు చూస్తూ. ఏడుస్తున్నారు, తుడుచుకోవడం లేదు. కానీ ఆ ముఖం కూలిపోతున్న ముఖం కాదు, యశోద చూస్తూనే ఉంది, అది ఊపిరి తీసుకుంటున్న ముఖం. "ఎవ్వలు అమ్ముకోలేదు మనలను." ప్రిన్సిపాల్ గారివైపు తిరిగి, ఆ కొత్త పుస్తకాలు ఇవాళ పంచొద్దన్నారు, ఆ పేజీ మళ్లీ రాసిన తర్వాతే అన్నారు, అదేదో నీళ్లగ్లాసు జరపమన్నంత మామూలుగా. తర్వాత తలెత్తి యశోదను చూశారు.

"మీ నాయనమ్మ మంచిగున్నదా బిడ్డా?"

"ఉన్నదమ్మా."

"చర్లకు బస్సు ఎన్నింటికి?"

హాల్లో కలకలం లేచింది, ఇప్పుడా అమ్మా, ఈ ఎండలోనా, మీ ఆరోగ్యం, తర్వాత కారు పెడతాం, అని నాలుగు వైపుల నుంచి. ఆవిడ వాళ్లలో ఎవరివైపూ చూడలేదు. తోసుకునేవాళ్ల మధ్య నుంచి చెయ్యి చాపి యశోద కోసం నిలబడ్డారు.

"పిలిచిండ్రు గద" అన్నారు. "పోవాలె."